తుపాకిగుండును జెలటిన్ దిమ్మయు: గాయపరీక్షల చరిత్రము, హేతువిచారము

తుపాకిగుండు తూకమును త్రాసు చెప్పును. దాని వడిని యంత్రము చెప్పును. ఆ గుండు మనుష్యదేహమునఁ బ్రవేశించి యేమి చేయునో చెప్పుటకు మాత్రము త్రాసుగాని యంత్రముగాని చాలదు. పరీక్షార్థము మనుష్యుని గుఱిగా నిలుపుట ధర్మవిరుద్ధము. యుద్ధభూమియందును వీథియందును గలిగిన గాయములు శస్త్రవైద్యునికిఁ గనఁబడునుగాని, ఆ గుండు ఎంత దూరమునుండి, యెంత వడితో, ఏ యడ్డంకులను దాఁటి వచ్చెనో యతనికి నిశ్చయముగాఁ దెలియదు. కావున నీ విషయమునఁ బ్రత్యక్షప్రమాణమున కవకాశము స్వల్పము. దేహమునకు మాఱుగా నొక ప్రతినిధిద్రవ్యమును నిలిపి, దానియందుఁ గనఁబడినదానినుండి దేహమునందు జరుగఁబోవుదాని నూహించుటయే మిగిలిన మార్గము. కొయ్య, నీరు, సబ్బు, బంకమన్ను, పశువు, శవము, తుదకు జెలటిన్ దిమ్మ - ఇవి యీ ప్రతినిధిత్వమును గ్రమముగా వహించిన ద్రవ్యములు.

ఇది యాయుధప్రియుల వినోదమునకు సంబంధించిన కథ కాదు. ఈ పరీక్షల ఫలితముల నాధారముగాఁ జేసికొని రాజ్యములు పరస్పరము నిషేధశాసనములఁ జేసికొన్నవి. సైన్యము లాయుధముల నేర్పఱచుకొన్నవి. రక్షకభటులు తమ ప్రాణములను నమ్మికతో నొప్పగించినారు. పరీక్షయందలి దోషము పుస్తకమున నిలిచిపోక, మనుష్యుల దేహములమీఁదఁ బడినది. అందుచేత నీ చరిత్రమున విచారింపఁదగిన ముఖ్యాంశము, ఏ గుండు గొప్పదను ప్రశ్న కాదు. ఏ హేతువు సద్ధేతువు, ఏది హేత్వాభాసము అనునదే.

తెలుఁగువాఁడని ప్రసిద్ధి గాంచిన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము నేఁటికిని న్యాయశాస్త్రమునఁ దొలిపాఠముగాఁ జదువఁబడుచున్నది. అందు హేత్వాభాసములు సవ్యభిచారము, విరుద్ధము, సత్ప్రతిపక్షము, అసిద్ధము, బాధితము అని యైదు విధములుగాఁ జెప్పఁబడినవి. వీనిలో అసిద్ధము మరల ఆశ్రయాసిద్ధము, స్వరూపాసిద్ధము, వ్యాప్యత్వాసిద్ధము అని మూఁడు తెఱఁగులు. పాశ్చాత్య దేశముల గాయపరీక్షలలో దొరలిన మూఁడు ప్రసిద్ధదోషములు ఈ విభాగములలో మూఁటికి సరిగా లక్ష్యము లగుచున్నవి. ఆ పరీక్షకుల కీ పేరులు తెలియవు. అయినను దోషముల స్వభావ మొక్కటియే.

రాబిన్సు లోలకము

ఈ శాస్త్రమునకుఁ బునాది వేసినవాఁడు బెంజమిన్ రాబిన్సు. ఇతఁడు ఇంగ్లండులోని బాత్ పట్టణమున 1707 సం॥న జన్మించిన గణితజ్ఞుఁడు. 1742 సం॥న ఇతఁడు ప్రకటించిన ఫిరంగిశాస్త్ర నూతనసూత్రములను గ్రంథమున ఒక క్రొత్త యంత్రము వర్ణింపఁబడినది. తెలిసిన తూకము గల కొయ్యపలకను లోలకమువలె వ్రేలఁగట్టి దానిమీఁద గుండును బ్రయోగింతురు. గుండు కొయ్యలో నాఁటుకొనఁగానే పలక వెనుకకు ఊఁగును. ఎంతదూర మూఁగెనో దానికిఁ దగిలించిన పట్టీ చూపును. గుండు తూకమును, పలక తూకమును, ఊఁగిన దూరమును దెలిసినచో గుండు వడి లెక్కకు వచ్చును. అంతకుముందు కంటి కందని వేగము ఈ యుపాయముచేత నంకెలలోనికి వచ్చెను. నాఁటి తుపాకిగుండ్లు క్షణమునకు సుమారు 1,700 అడుగుల వడితో వెడలుచుండెననియు, గాలి వానికి కలిగించు నిరోధము పూర్వులు తలఁచినదానికంటె మిక్కిలి హెచ్చనియు రాబిన్సు నిరూపించెను. గణితశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుఁడైన ఆయిలరు 1745 సం॥న ఈ గ్రంథమును వ్యాఖ్యాసహితముగా జర్మనుభాషలోనికిఁ బరివర్తించెను. మఱుసటి యేఁడు రాయల్ సొసైటీవారు రాబిన్సునకుఁ గాప్లీ పతకము నిచ్చి గౌరవించిరి.

రాబిన్సు జీవితాంతము దక్షిణదేశముతో ముడిపడియున్నది. 1746 సం॥న ఫ్రెంచివారు పట్టుకొన్న చెన్నపట్టణము 1749 సం॥న ఇంగ్లీషువారికి మరల దక్కినపిమ్మట, కోటల బలపఱచుటకై తూర్పు ఇండియా కంపెనీవారు రాబిన్సును దమ ప్రధాన శిల్పిగా నియమించిరి. ఇతఁడు కడలూరి చెంతనున్న సెయింటు డేవిడు కోటయందుఁ బనిచేయుచు జ్వరపీడితుఁడై 1751 సం॥ జూలై నెలలో నచ్చటనే మృతినొందెను.

రాబిన్సు కొలిచినది తుపాకి గుండున కిచ్చిన వేగమును మాత్రమే. గుండు దేహమున కేమి యిచ్చునను ప్రశ్న నతఁడు వేయలేదు. అతని కొయ్యపలక దేహమునకుఁ బ్రతినిధి కాదు, అది కొలతబద్ద. ఈ భేదమును మఱచుటచేతనే తరువాతి వారిలోఁ గొందఱు పొరపడిరి.

కోఖరు ప్రయోగములు

పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున తుపాకుల వడి హెచ్చెను. 1870-71 సం॥ల ఫ్రాన్సు-ప్రష్యా యుద్ధమున గుండుదెబ్బలు కొన్ని ప్రేలుడువలనఁ గలిగినవానివలె భయంకరముగాఁ గనఁబడెను. ప్రేలెడు చిన్నగుండ్లను యుద్ధమున వాడఁగూడదని 1868 సం॥న సెయింటు పీటర్సుబర్గునందు ఒడంబడిక జరిగియుండుటచే, ఇరుపక్షములవారును ఒకరినొకరు నిందించుకొనిరి. నింద సత్యమా యసత్యమా యని తేల్చుటకుఁ బరీక్ష యావశ్యకమయ్యెను.

స్విట్జర్లండులోని బెర్న్ నగరమున శస్త్రవైద్యుఁడుగా నున్న థియోడర్ కోఖరు ఈ పనికిఁ బూనుకొనెను. కంఠగ్రంథి శస్త్రచికిత్సకై 1909 సం॥న నోబెలు బహుమానమును బొందినవాఁ డితఁడే. నీటితో నిండిన రేకుడబ్బాలు, సబ్బు, గాజు, జెలటిన్ మొదలగువానిపై గుండ్లను బ్రయోగించి యితఁడు పరిశీలించెను. ఖాళీడబ్బాను దూసికొనిపోవు గుండు చిన్నరంధ్రమును మాత్రమే చేయును. అదే గుండు నీటితో నిండినడబ్బాను దాఁకినచోఁ డబ్బా బ్రద్దలగును. నీరు వడిగా ప్రక్కలకుఁ ద్రోయఁబడుటయే యిందులకుఁ గారణము. దేహమునందును తడి హెచ్చుగా నున్న యవయవములు ఇట్లే చీలును. కాఁబట్టి ప్రేలుడుమందు లేకయే ప్రేలుడువంటి గాయము గలుగవచ్చునని తేలెను. కోఖరు 1875 సం॥న తన ప్రయోగములను బ్రకటించెను. తరువాత 1894 సం॥న రోము నగరపు వైద్యమహాసభలో, దేహమునఁ జితికి వ్యాపింపని గుండ్లను వాడుట మానవధర్మమునకుఁ దగినదని యుపన్యసించెను. పరీక్ష ధర్మమునకుఁ దోడైన సందర్భమిది.

డండం గుండును ట్యూబింగెన్ పరీక్షయు

1895 సం॥ చిత్రాల్ దండయాత్రలో ఇంగ్లీషుసైన్యము క్రొత్తగా వచ్చిన .303 తుపాకిని వాడెను. దాని గుండునకు సీసపుగర్భమును బూర్తిగాఁ గప్పు గట్టిలోహపుఁ దొడుగు కలదు. ఆ గుండు దేహమును సన్నగా దూసికొనిపోవుచున్నదనియు, మీఁదికి వచ్చు శత్రువు నాఁపుట లేదనియు సైనికులు మొఱపెట్టిరి. కలకత్తాకుఁ జేరువనున్న డండం మందుగుండు కార్ఖానాకు అధికారియైన కెప్టెన్ బెర్టీక్లే, గుండు ముక్కుకడఁ దొడుగును గొంచెము తెఱచి సీసము బయటఁబడునట్లు చేసెను. ఆ గుండు దేహమును దాఁకినతోడనే చితికి వెడల్పగును. ఊరిపేరే గుండునకుఁ బేరై, ‘డండం గుండు’ అను మాట లోకమంతటను వ్యాపించెను.

ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున శస్త్రవైద్యాచార్యుఁడైన పౌల్ బ్రూన్సు 1898 సం॥ ప్రాంతమున, సీసపుముక్కుగల గుండ్లు కలిగించు గాయముల ఘోరత్వమును బరీక్షలచేత వర్ణించెను. ఈ వర్ణనము ఐరోపాయందుఁ గలకలము పుట్టించెను. అయితే అతఁడు ప్రయోగించినవి డండం గుండ్లు కావు. జర్మనీలో వేఁటకై చేయఁబడిన మౌజరు గుండ్లు. వానియందు బయటికిఁ గనఁబడు సీసము డండం గుండునందుకంటె మిక్కిలి హెచ్చు. ఈ భేదమును స్కాట్లండు శస్త్రవైద్యుఁడు ఆగ్‌స్టన్ ప్రకటించెను. 1899 సం॥న హేగు నగరమున సమావేశమైన శాంతిసభలో ఇంగ్లండు ప్రతినిధి సర్ జాన్ ఆర్డా సైతము ఈ యాక్షేపణమును జెప్పెను. అయినను 1899 సం॥ జూలై 29వ తేదిని హేగు ప్రకటనము సిద్ధమయ్యెను. దేహమున సులభముగాఁ జితికి వ్యాపించు గుండ్లను, అనఁగా గర్భమును బూర్తిగాఁ గప్పని తొడుగు గలవానిని, తొడుగునకు గాట్లు గలవానిని, పరస్పర యుద్ధములలో వాడమని సంతకము చేసిన రాజ్యములు మాట యిచ్చినవి. ఇంగ్లండు నాఁడు సమ్మతింపక 1907 సం॥న సమ్మతించెను.

ఇచ్చటి హేతుదోషము స్వరూపాసిద్ధము. పక్షము డండం గుండు. హేతువు ముక్కుకడ సీసము విస్తారముగా బయలుపడియుండుట. ఆ హేతువు ఆ పక్షమున, చెప్పఁబడినంతటి పరిమాణమున, లేనేలేదు. వేఱొక గుండునందుఁ జూచిన ధర్మమును దీనియం దారోపించిరి. అయితే ఇచ్చట నొక్క మెలకువ యవసరము. హేతువు దుష్టమైనంతమాత్రమున సాధ్య మసత్యము కానక్కఱలేదు. డండం గుండు సైతము చితికి వ్యాపించునదియే. దానిని జేసినదియు నందులకే. హేగు ప్రకటనము నిషేధించినది పేరును గాదు, ధర్మమును. కాఁబట్టి శాసనము నిలిచినది, పరీక్ష మాత్రము నిలువలేదు. ఒక సత్సిద్ధాంతమును దుర్బలమైన హేతువుతో సమర్థించుటచేతఁ గలుగు హాని యేమనఁగా, ప్రతిపక్షి హేతువును ఖండించి సిద్ధాంతమునే ఖండించినట్లు చూపుట కవకాశము దొరకును. ఆర్డా చేసిన దదియే.

చికాగో పశుశాల

ఫిలిప్పీను దీవులలో అమెరికా సైన్యము మోరోజాతి వీరులతోఁ బోరుచుండఁగా, .38 రివాల్వరు గుండుదెబ్బలు తగిలియు వారు మీఁదికి వచ్చుచున్నారని సైనికాధికారులు వ్రాసిరి. దీనిని విచారించుటకు 1904 సం॥న ఇరువు రధికారులు నియమింపఁబడిరి. వారు ఆయుధశాఖకుఁ జెందిన టామ్సన్, వైద్యశాఖకుఁ జెందిన లగార్డు. 7.65 మిల్లిమీటర్లు మొదలు .476 అంగుళమువఱకు వివిధవ్యాసములు గల పిస్తోలు, రివాల్వరు గుండ్లను వారు పరీక్షించిరి. శవములను వ్రేలఁగట్టి వానిపై గుండ్లను బ్రయోగించి, అవి యెంత ఊఁగినవో కంటితోఁ జూచి యంకెలు వేసిరి. చికాగో పశువధశాలలో సజీవములగు పశువులపైఁ బ్రయోగించి, అవి యెంతసేపటికిఁ గూలినవో గమనించిరి. మొదటిదినమున నొకటి రెండు గుండ్లను వేసి వేచియుండిరి. రెండవదినమునఁ బశువు కూలువఱకును వెంటవెంట వేసిరి.

పిస్తోలు గుండు .45 అంగుళమునకుఁ దక్కువ వ్యాసము గలదై యుండరాదని వారు తీర్మానించిరి. ఆ తీర్మానమే 1911 సం॥న అమెరికా సైన్యము స్వీకరించిన ప్రసిద్ధమగు .45 పిస్తోలునకు మూలము. ఆ పిస్తోలు 1985 సం॥వఱకు ఆ సైన్యమునకుఁ బ్రమాణాయుధముగా నుండెను.

పరీక్ష ననుసరించి చూచినచో నీ తీర్మాన మంత దృఢము గాదు. పశువులు కొలఁది. గుండు తగిలిన చోటు లొకటి గావు. పెద్దరక్తనాళము తెగిన పశువు త్వరగాఁ గూలెను. ఊపిరితిత్తి మాత్రమే చీలినది చాలసేపు నిలిచెను. ఒకదానికి వేయఁబడిన గుండ్ల సంఖ్య వేఱొకదానికి వేయఁబడలేదు. శవము ఊఁగుట రాబిన్సు లోలకము ఊఁగుటవంటిదే. అది గుండు వేగమును జూపునుగాని సజీవుని పతనమును జూపదు. ఇంతకును దోష మేమనఁగా, ‘వ్యాసము పెద్దదైనచో శీఘ్రపతనము’ అను వ్యాప్తియం దొక యుపాధి దాఁగియున్నది. అగ్ని యున్నచోట నెల్లను ధూమము పుట్టదు, తడికట్టె యున్నప్పుడే పుట్టును. అచ్చటఁ దడికట్టె యుపాధి. అట్లే యిచ్చట గాయస్థాన ముపాధి. సోపాధికమైన హేతువు వ్యాప్యత్వాసిద్ధము. తమ లెక్క యెంత చెప్పఁగలదో ఆ యధికారులును గొంత యెఱుఁగుదురు. పిస్తోలు ధరించు సైనికులకు గుఱి తప్పకుండఁ గొట్టు నభ్యాసము నిరంతరము చేయింపవలయునని వారు వ్రాసిరి. ఉపాధి యేదియో వారి మాటలోనే యున్నది. లోకము మాత్రము .45 అను నంకెను జ్ఞాపక ముంచుకొని ఆ మాటను మఱచెను.

జెలటిన్ దిమ్మ

జెలటిన్ అనునది పశుచర్మములనుండియు నెముకలనుండియుఁ దీయఁబడు మాంసకృత్తు. కొయ్యల నతికించు చర్మపుజిగురును దీని జాతిలోనిదే. పొడిని జల్లనినీటఁ గలిపి, నానిన పిమ్మట మెల్లఁగాఁ గాఁచి, అచ్చులో పోసి చల్లార్చినచోఁ బారదర్శకమగు దిమ్మ యేర్పడును. అధికముగాఁ గాఁచినచో దాని పట్టు తగ్గును. మాంసమువలెనే యిదియు నీరు విశేషముగాఁ గలది, సాఁగునది. కంటికిఁ గనఁబడకుండ మాంసములోఁ బోవు గుండు త్రోవ దీనియందు స్పష్టముగా నిలిచియుండును. ఇదియే దీని ప్రధానగుణము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండునందు జుకర్‌మన్ బృందమును, అమెరికాలో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున న్యూటన్ హార్వీ బృందమును జెలటిన్ దిమ్మలతోఁ బ్రయోగములు చేసిరి. అతిశీఘ్రమగు ఛాయాచిత్రములవలనను ఎక్స్‌కిరణములవలనను ఒక విశేషము కన్నులఁ గట్టినట్లు తెలిసెను. గుండు దూసికొనిపోవునప్పుడు దాని వెనుక నొక పెద్దకుహరము విచ్చుకొని, క్షణములో సహస్రాంశములలోనే మరల ముడుచుకొనును. దీనికిఁ దాత్కాలిక కుహరమని పేరు. గుండు నేరుగా నలిపిన సన్ననిత్రోవ మాత్రము నిలిచిపోవును. ఇది శాశ్వత కుహరము. తాత్కాలిక కుహరపుఁ బరిమాణము గుండు విడిచిన శక్తి ననుసరించి యుండునని హార్వీ బృందము కనుగొనెను.

ఈ సత్యమునుండి యొక తొందరపాటు సిద్ధాంతము పుట్టెను. కుహరము పెద్దదైనచో మనుష్యుఁడు శీఘ్రముగాఁ గూలునని తలఁచి, 1970-80 సం॥ల నడుమ అమెరికా న్యాయశాఖకు సంబంధించిన పరిశోధకులు రక్షకభటుల పిస్తోలు గుండ్లకు ‘సాపేక్ష నిర్వీర్యతాంక’ మను నొక లెక్కను గట్టిరి. నూటికి 20 పాళ్ల జెలటిన్ దిమ్మలోఁ దాత్కాలిక కుహరమును గొలిచి యంత్రగణనముచేత నంకెలను దేల్చిరి. ఈ పద్ధతిలో తేలికయై వడిగలిగి శీఘ్రముగాఁ జితుకు గుండ్లకుఁ బెద్దయంకెలు వచ్చెను. అట్టి గుండు దేహమున లోఁతుగాఁ బోవునా యను ప్రశ్నకు ఆ లెక్కలోఁ జోటు చాలలేదు.

1986 సం॥ ఏప్రిల్ 11వ తేదిని మయామి నగరమున అమెరికా కేంద్రపరిశోధకశాఖ, అనఁగా ఎఫ్.బి.ఐ., వారికిని ఇరువురు బందిపోట్లకును బోరాటము జరిగెను. ఆరంభమున నొక తేలిక 9 మిల్లిమీటర్ల గుండు బందిపోటు కుడిచేతిని దూసి ఱొమ్మునఁ బ్రవేశించి, చితికి, గుండెకాయకు నించుక యిటనే యాఁగిపోయెను. ఆ గాయము తగిలినపిమ్మటఁ గూడ ఆ బందిపోటు కొన్ని నిమిషములు పోరాడెను. ఎఫ్.బి.ఐ. వారిలో ఇరువురు మరణించిరి, ఐదుగురు గాయపడిరి. బందిపోట్లిరువురును జచ్చిరి.

ఇచ్చటి హేత్వాభాసము సవ్యభిచారము. పెద్దకుహరము గల్పించు గుండు సైతము మర్మస్థానమును జేరక యాఁగిపోవచ్చును. అప్పుడు హేతువు కలదు, సాధ్యము లేదు. ఒక్క సంఘటన యే వ్యాప్తినిగాని స్థాపింపఁజాలదు. కాని యొక్క వ్యభిచారము చాలును, వ్యాప్తిని భంగపఱచుటకు. ఆ వ్యభిచారము పరీక్షాశాలలోఁ గనఁబడియుండినచో నొక దిమ్మ మాత్రమే వ్యర్థమై యుండును. వీథిలోఁ గనఁబడుటచే మనుష్యులు వ్యర్థమైరి.

ఫాక్లరు చేసిన సవరణ

మార్టిన్ ఫాక్లరు వియత్నాము యుద్ధమున శస్త్రవైద్యుఁడుగాఁ బనిచేసి, 1981 సం॥న శాన్‌ఫ్రాన్సిస్కోలోని సైనికవైద్య పరిశోధనాలయమున గాయపరీక్షాశాలకు నధ్యక్షుఁడయ్యెను. అతఁడు మొదట వేసిన ప్రశ్న గుండ్లనుగూర్చి కాదు, దిమ్మనుగూర్చి: ఈ దిమ్మ దేహమునకుఁ బ్రతినిధి యగునని యెట్లు తెలియును? దిమ్మలోను, సజీవమగు పందితొడమాంసములోను ఒకే గుండు ఒకే లోఁతునకుఁ బోవలయును, ఒకే విధముగాఁ జితుకవలయును. ఈ నియమమునకు, నూటికి 10 పాళ్ల జెలటిన్ గలిగి 4 సెంటీగ్రేడు డిగ్రీల చల్లఁదనమున నున్న దిమ్మ తగినదని యతఁడు నిర్ధారించెను.

అంతటితో నాఁగక, ప్రతిదిమ్మను ముందుగాఁ బరీక్షించు విధానము నేర్పఱచెను. .177 అంగుళముల వ్యాసము గల చిన్న యుక్కుగోళమును క్షణమునకు 590 అడుగుల వడితో దిమ్మలోనికిఁ గొట్టినచో, అది సుమారు 8.5 సెంటీమీటర్ల లోఁతునకుఁ బోవలయును. పోవకున్నచో దిమ్మ గట్టిది. హెచ్చుగాఁ బోయినచో మెత్తనిది. రెండును బరీక్షకుఁ దగవు. త్రాసుతోఁ దూఁచుటకు ముందు త్రాసునే సరిచూచుటవంటి దిది. ఇంతవఱకు నూహగా నుండిన వ్యాప్తికి ఫాక్లరు చేతిలో నాధార మేర్పడెను.

కుహరములనుగూర్చియు నతఁడు వివేకము చెప్పెను. కండరములు, ఊపిరితిత్తులు సాఁగి మరల ముడుచుకొనును. పిస్తోలు గుండు కలిగించు తాత్కాలిక కుహరము వానికిఁ దఱచుగా స్వల్పహానినే చేయును. కార్జమువంటి సాఁగని యవయవములు మాత్రము చీలును. కావున పిస్తోలు గుండువిషయమున శాశ్వత కుహరమును, లోఁతును ముఖ్యములు. తుపాకి, పిస్తోలు వేఱువేఱు. ఒకదాని సిద్ధాంతమును వేఱొకదానికిఁ దెచ్చి యంటఁగట్టరాదు.

1987 సం॥న ఎఫ్.బి.ఐ. వారు క్వాంటికో నగరమున గాయశాస్త్రజ్ఞుల సభను గూర్చిరి. దాని ఫలముగా నొక పరీక్షాక్రమ మేర్పడెను. దిగంబరమగు జెలటిన్ దిమ్మ, దళమైన బట్టలు చుట్టిన దిమ్మ, ఇనుపరేకు, గోడపలక, కొయ్యపలక, మోటారుబండి యద్దము వీనిని దాఁటి దిమ్మలోనికి గుండు ఎంతదూరము పోవునో పరీక్షింపవలయును. ప్రతిపరీక్షయందు నైదు గుండ్లు వేయవలయును. లోఁతు 12 అంగుళములకుఁ దక్కువ కారాదు. 18 అంగుళములకు మించకుండుట మేలు. ఱొమ్ము మందము 12 అంగుళములు లేకపోయినను ఈ యంకె యేల యనఁగా, గుండు ఎల్లప్పుడు నెదురుగాఁ దగులదు. ప్రక్కనుండి తగులవచ్చును, చేయి యడ్డురావచ్చును. మయామిలో నడ్డువచ్చినది చేయియే. హెచ్చులోఁతునకు హద్దు పెట్టుట, దేహమును దాఁటి యవతలనున్న నిరపరాధికిఁ దగులునను భయముచేత.

బట్టల పరీక్ష యొక యూహింపని సంగతిని బయలుపఱచెను. బోలుముక్కు గుండు బట్టను జించుకొనిపోవునప్పుడు ఆ బోలులో బట్టపీలికలు దూఱి మూఁతవలెఁ గూరుకొనును. అప్పుడు గుండు చితుకక సూటిగాఁ బోవును. దిగంబరమగు దిమ్మయందు మాత్రమే పరీక్షించినవారి కీ సంగతి తెలియదు. ఈ పరీక్షాక్రమము వచ్చినపిమ్మట గుండ్లు చేయువారు తమ పనితనమును దానికిఁ దగినట్లుగా దిద్దుకొనిరి. ఎఫ్.బి.ఐ. వారు మొదట 10 మిల్లిమీటర్ల గుండునకును, పిదప .40 అంగుళపు గుండునకును మాఱిరి. గుండ్లనిర్మాణము మెఱుగుపడినందున వ్యాసభేదముచేత ఫలభేదము మిక్కిలి తగ్గెనని 2014 సం॥న నిర్ణయించి, మరల 9 మిల్లిమీటర్ల గుండునే చేపట్టిరి. చికాగోలో 1904 సం॥న వ్యాసమునకుఁ గట్టిన పట్టము, 110 ఏండ్లకుఁ దొలఁగింపఁబడినట్లయ్యెను.

దిమ్మ చెప్పనిది

జెలటిన్ దిమ్మకుఁ జర్మము లేదు, ఎముక లేదు, రక్తనాళము లేదు, నొప్పి లేదు, భయము లేదు. గుండు తగిలినంతనే క్రిందఁబడువారు కొందఱు మనోభీతిచేతఁ బడుదురు. ప్రాణాంతకమగు గాయము తగిలియుఁ గొంతసేపు పోరాడువారు కలరు. గుండెకాయ యాఁగినను మెదడులోఁ బది పదునైదు క్షణములకుఁ జాలినంత ప్రాణవాయువు మిగిలియుండును. దీనినిఁ దెలుపు శక్తి దిమ్మకు లేదు. దిమ్మలోఁ గనఁబడు పగుళ్లు దేహములోఁ గలుగు చీలికలు కావు. ఇటీవల ఖనిజతైలముతోఁ జేయఁబడిన స్ఫటికమువంటి కృత్రిమదిమ్మలు వాడుకలోనికి వచ్చినవి. అవి చెడిపోవు, చూపునకు నింపు. కాని వానియందు గుండు పోకడ నిజమైన జెలటిన్‌లోని పోకడవంటిది గాదు. అంద మధికమైనకొలఁది ప్రామాణ్య మధికము గాదు.

ఈ పరిమితులు దిమ్మకు దూషణములు కావు. దిమ్మ యుత్తర మిచ్చునది యొక్క ప్రశ్నకే: ఈ గుండు, ఈ వడితో, ఈ యడ్డంకిని దాఁటి, మెత్తనిమాంసములో నెంతదూరము పోవును, ఎంత వెడల్పగును? ఆ ప్రశ్నకు దాని యుత్తరము నమ్మఁదగినది; ఒకమాఱు చెప్పినదే మఱియొకమాఱు చెప్పును; చికాగోలో పశువులు పడిన బాధ లేకయే చెప్పును. ‘ఈ గుండు మనుష్యుని నాఁపునా?’ యని దాని నడుగుట మాత్రము, తూకపురాతిని దారి యడుగుటవంటిది.

ఈ చరిత్రమంతయుఁ బరిశీలింపఁగా నొక సంగతి తేలుచున్నది. ట్యూబింగెన్‌లో వేఱొక గుండును బరీక్షించి యిది డండం అనిరి. చికాగోలో గాయస్థానమును మఱచి వ్యాసమును బొగడిరి. అంకెలవారు కుహరమును గొలిచి పతనమును గొలిచితిమనిరి. మూఁటియందును ప్రయోగము జరిగినమాట నిజము, చూచినది నిజము; చూచినదానినుండి చెప్పినదానికిఁ బోవు త్రోవలోనే కాలు జాఱినది. ఆ త్రోవను సరిచేసినవాఁడు క్రొత్తగుండును గనిపెట్టినవాఁడు గాఁడు; దిమ్మ ప్రతినిధి యగునా కాదా యని మొదట సంశయించినవాఁడు. దృష్టాంతమును జూపుటకు ముందు దృష్టాంతమునే పరీక్షింపవలయునను నియమము తర్కపాఠశాలలోఁ జదువు బాలునికిఁ దెలిసినదే. దానిఁ బాటించుటకు మాత్రము, రాబిన్సు గ్రంథము మొదలుకొని రెండువందల నలువదియేండ్లు పట్టెను.